సువి కొన్న టర్కీ పిస్టల్

లాహ్తి, 18 జనవరి 2015

హెల్లెవి అత్తకి,

మోకాలు ఎలా ఉంది? ఫోను చేస్తే నువ్వు "ఆఁ? ఎవరూ?" అంటావు, నేను "నేనే అత్తా, సువిని" అంటాను. ఇద్దరం అరిచీ అరిచీ పెట్టేయడమే తప్ప ఒక్క మాటా అర్థం కావడం లేదు. అందుకే ఉత్తరం. తుపాకీ మోతకి చెవులు పోయాయని నువ్వు ఊరంతా గొప్పగా చెప్పుకుంటావు, నొప్పి మాత్రం నా గొంతుకి.

ఇక అసలు సంగతి. క్లబ్బులో నా రెండేళ్ళూ నిండాయి. మా శిక్షకుడు ఆర్తో మొన్న ముక్కు ఎగబీలుస్తూనే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి చేతికిచ్చాడు. అంటే ఇప్పుడు నా పేరున సొంత పిస్టల్ కోసం పోలీసులకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇన్నాళ్ళూ క్లబ్బు పిస్టల్‌తోనే నెట్టుకొచ్చాను. లాహ్తిలో సగం జనం వాడిన పిస్టల్ అది, పిడి మీద గరుకు అన్నది మిగల్లేదు.

మా క్లబ్బు ఆడవాళ్ళ జట్టు ఆగస్టులో జాతీయ పోటీలకి వెళ్తోంది. ముగ్గురు కావాలి. ఇద్దరు ఖాయమైపోయారు. మూడో మనిషి నేనా, మెర్యానా అన్నది జూన్‌లో అన్ని ఊళ్ళ క్లబ్బులూ కలిసి ఆడే ఎంపిక పోటీలో తేలుతుంది. మెర్యా మంచి పిల్లే, నవ్వితే ఎదుటివాళ్ళకీ నవ్వొస్తుంది, కానీ ఆ చోటు నాకు కావాలత్తా. బడి వంటశాలలో గురువారం గురువారం నాలుగొందల మంది పిల్లలకి బఠానీ సూపు కలుపుతూ కూడా అదే ఆలోచన. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాయి, ఇంత గట్టిగా ఇంతకు ముందు ఏదీ కావాలనుకోలేదు. జట్టులో ఉన్నవాళ్ళకి సొంత పిస్టల్ ఉండి తీరాలి, అది క్లబ్బు నియమం.

నేను ఆడేది స్టాక్ తరగతిలో, అంటే కంపెనీ వాళ్ళు చేసి పంపిన మామూలు పిస్టళ్ళతో ఆడేది. నా జీతానికి అదే గతి. అయినా ఒక్కటే కొనగలను, తప్పు కొన్నానా ఈ ఏడాదికి అంతే సంగతులు. క్లబ్బులో మగాళ్ళని సలహా అడిగితే ఎవడి పిస్టల్ వాడికి ముద్దు. నా తల తినేశారు. ఇంట్లో పిస్టల్ పట్టిన ఆడమనిషివి నువ్వొక్కదానివే. ఏది కొనమంటావు?

నీ మేనకోడలు,
సువి

కూహ్మో, 27 జనవరి

కోడలు పిల్లా,

మోకాలు బాగుంది, అడిగినందుకు సంతోషం. తుంటి బాగాలేదు, అది నువ్వు అడగలేదు.

ఏది కొనాలో అడిగావు కాబట్టి చెప్తున్నాను, ఇంకెవరి మాటా చెవిన పెట్టకు. ఉక్కుది కొను. నా దగ్గరున్నలాంటి చెక్ దేశపు ఉక్కు పిస్టల్. బరువుగా ఉంటుంది, ఉండాలి. పేలినప్పుడు ముక్కు పైకి లేవకుండా ఆ బరువే పట్టి ఉంచుతుంది. ఈ మధ్య వస్తున్న ప్లాస్టిక్ వాటిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పేస్ట్రీ డబ్బా మూతకి గొట్టం బిగించినట్టు ఉంటాయి.

ఆ స్టాక్ తరగతి ఏమిటో నాకు తెలీదు. నేను పోటీలు మానేశాక పుట్టి ఉంటుంది. మా రోజుల్లో కొన్నదాన్ని కొన్నట్టు వాడితే నవ్వేవాళ్ళు. రాత్రి నేను నడిపే పోస్టు బస్సు డిపోలో పెట్టి వచ్చి, వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి, ట్రిగ్గర్ కింద స్ప్రింగు సానబెట్టుకునేదాన్ని. పిడి చేతికి పట్టకపోతే చెక్కేదాన్ని. అందరం అంతే. మీ కాలం వాళ్ళకి అన్నీ తయారుగా కావాలి, సూపు కూడా ప్యాకెట్లోదే. నువ్వు కాదులే, నువ్వు వండుతావు.

నీ చెయ్యి ఎలాంటిదో నాకు గుర్తులేదు. చివరిసారి ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు నీకు ఆరేళ్ళు, ఐసుక్రీము అంటుకుని ఉంది. ఒక కాగితం మీద చెయ్యి ఆనించి చుట్టూ పెన్సిలుతో గీసి పంపు. పిస్టల్ కొనడమంటే ముందు చెయ్యి చూడాలి, తర్వాతే పిస్టల్.

మంచు గుమ్మం దాకా ఉంది. పార పట్టుకోవాలి, ఇక ఉంటాను.

హెల్లెవి

లాహ్తి, 22 ఫిబ్రవరి

అత్తా,

ఇదుగో నా చెయ్యి. వంటశాలలో ఉన్న బేకింగ్ కాగితం మీద గీశాను, నూనె మరక పట్టించుకోకు. వేళ్ళు పొట్టివని నవ్వకు.

నీ మాట విని మొదట చెక్ పిస్టలే పట్టుకున్నాను. మా తుపాకీ రేంజి బాంబు షెల్టరులో ఉంది కదా, బయట మైనస్ పద్దెనిమిది ఉన్నా లోపల చేతులు వేడిగానే ఉంటాయి. నిజం చెప్తున్నా, పట్టుకోగానే వదలబుద్ధి కాలేదు. కానీ ఆ రకం పిస్టల్‌కి మొదటి తూటా బరువు, ట్రిగ్గర్ చాలా దూరం నుంచి లాక్కుని రావాలి. రెండో తూటా నుంచే తేలిక. నా వేలు కొస మాత్రమే ఆనింది. మొదటి తూటా ప్రతిసారీ ఎడమ పక్కకి, కిందకి పోయింది. పైగా దాని ధర విని ఆర్తో కూడా ముక్కు ఎగబీల్చడం ఆపేశాడు.

ప్లాస్టిక్‌దీ పట్టాను. చవక, వేలు అందింది, మొదటి తూటాకీ చివరి తూటాకీ ట్రిగ్గర్ ఒకేలా ఉంటుంది. కానీ తేలిక కదా, ప్రతి తూటాకీ ఉలిక్కిపడుతోంది. లక్ష్యానికి రెండేసి తూటాలు కొట్టాలి మనం. మొదటిది కొట్టి, అది మళ్ళీ కిందకి దిగేదాకా ఆగితే అవతల గడియారం ఆగుతుందా?

చివరికి రేంజిలోనే ఒక మూల, దుకాణం వాళ్ళు పెట్టిన అద్దాల బీరువాలో మూడోది దొరికింది. టర్కీలో చేసింది. నీ చెక్ పిస్టల్‌కి అచ్చం నకలు, అదే ఉక్కు, అదే చట్రం, మరలు కూడా అదే చోట. ధర సగం కంటే కాస్త ఎక్కువ. ఆ కంపెనీ వాళ్ళే పిడికి రెండు పక్కలా బిగించే సన్నటి పలకలు చేస్తారు, అవి వేస్తే నా వేలు సగం మడత దాకా ట్రిగ్గర్ మీద పడింది. మొదటి తూటా ఇంకా కాస్త ఎడమకి పోతోంది కానీ తెల్ల కాగితం దాటి పోవడం లేదు. స్టాక్ తరగతి వాళ్ళ జాబితాలో ఆ మోడల్ ఉందో లేదో ఆర్తో చూశాడు, ఉంది. అదే తీసుకుంటున్నానని అక్కడికక్కడే చెప్పేశాను.

మగాళ్ళు అప్పుడే పేరు పెట్టారు, కబాబ్ పిస్టలట. "ఉల్లిపాయలు వేసి ఇమ్మంటావా, వెయ్యకుండా ఇమ్మంటావా?" అని ఒకడు. "నీకు నోరు మూసి ఇస్తా" అన్నాను. మెర్యా నవ్వీ నవ్వీ కింద పడింది.

మొన్న పోలీస్ స్టేషన్‌లో ఇంటర్వ్యూ అయింది. "ఎందుకు పిస్టల్?" అంది ఆవిడ. "జట్టులోకి ఎక్కాలి" అన్నాను. రాసుకుంది.

సువి

కూహ్మో, 8 మార్చి

కోడలు పిల్లా,

నన్ను అడిగావు, నేను చెప్పాను, నువ్వు వేరేది కొన్నావు. బాగుంది. ఇక నుంచి వాతావరణం సంగతి కూడా నన్ను అడుగు, చెప్పాక గొడుగు ఇంట్లో పెట్టి వెళ్ళు.

టర్కీదా? మీ నాన్న ఒక వేసవిలో టర్కీ పోయి తోలు కోటు కొనుక్కొచ్చాడు, నీకు గుర్తుందో లేదో. నెల తిరక్కుండా దాని కుడి చెయ్యి ఊడొచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని కోటు అమ్మినవాణ్ణి మూడేళ్ళు తిట్టుకున్నాడు. పిస్టల్ చెయ్యి ఊడితే ఏం చేస్తావు?

సరే, నీ గీత చూశాను. నూనె మరక పట్టించుకోలేదు. బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నీ చెయ్యి మా అమ్మ చెయ్యి. అవే పొట్టి వేళ్ళు, బొటనవేలు దగ్గర అదే గుండ్రం. ఆవిడ ఆ చేత్తో రోజుకి పన్నెండు ఆవుల పాలు పిండేది. నాకు మా నాన్న చేతులొచ్చాయి, పారలు. బస్సు స్టీరింగుకి పనికొచ్చాయి. కన్నీళ్ళొచ్చాయి, ఏం చెయ్యను. నువ్వన్నది నిజం, ఆ చేతికి నా ఉక్కుది పట్టదు. నీ ఎంపిక నాకు నచ్చలేదు, కానీ ఎందుకు ఎంచావో అర్థమైంది.

మరలు అదే చోట ఉన్నాయన్నావు. మంచిది. ఆ ముక్క రాశావు కాబట్టే నాకో పని దొరికింది. ఏం పనో ఇప్పుడు చెప్పను. ఈస్టర్‌లోపు పొట్లం వస్తుంది, పోస్టాఫీసు నుంచి చీటీ వస్తే వెంటనే వెళ్ళి తెచ్చుకో.

హెల్లెవి

లాహ్తి, 6 ఏప్రిల్

అత్తా,

పొట్లం అందింది. బిర్చి చెక్కలో ఆ సుడులు, ఆ నునుపు, నా బొటనవేలికి సరిగ్గా పట్టేలా తీసిన గుంట. పిడి పలకలు ఇంత అందంగా ఉంటాయని నాకు తెలీదు. రోజూ సాయంత్రం చేతిలోకి తీసుకుంటున్నాను. చాలా చాలా థాంక్స్.

లైసెన్సు వచ్చింది, పిస్టల్ ఇంటికొచ్చింది. బీరువాలో తాళం వేసి ఉంది.

ఈస్టర్‌కి బడి పిల్లలకి మమ్మి, ఆ నల్లటి రై పిండి తీపి, వండాం. సగం మంది అది చూసి తారు రోడ్డు అన్నారు, సగం మంది మీగడ ఒక్కటే తిని ప్లేటు పక్కన పెట్టేశారు. నీకు మమ్మి ఇష్టం కదా, ఈసారి వచ్చినప్పుడు తెస్తాను.

సువి

కూహ్మో, 3 మే

సువికి,

మే ఒకటిన వప్పు పండుగకి రిపత్తి కుటుంబం లాహ్తి వెళ్ళి వచ్చింది. రిపత్తి నీకు తెలుసు, మా క్లబ్బు వాడు, నోట్లో నువ్వుగింజ నానదు. మీ రేంజి పోటీ చూశాడట, నిన్నూ చూశాడట. "మీ కోడలి పిస్టల్‌కి నల్ల ప్లాస్టిక్ పలకలున్నాయే, నువ్వు నెలంతా కూర్చుని చెక్కినవి ఏవి హెల్లెవీ?" అన్నాడు. కో-ఆప్ స్టోరులో, పాలు తీసుకునే చోట, పది మంది ముందు.

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. పాలు అక్కడే వదిలేసి వచ్చాను.

ఆ చెక్క నేను ముప్పై ఏళ్ళు అటక మీద దాచుకున్నది. నా వేళ్ళ కీళ్ళు వాచి ఉన్నాయి, అయినా చెక్కాను. నీ గీత పక్కన పెట్టుకుని, నా పిస్టల్ మీద అమర్చి చూసుకుని, మళ్ళీ తీసి రుద్ది. నచ్చకపోతే నచ్చలేదని రాయొచ్చు, నేను చచ్చిపోను. "రోజూ చేతిలోకి తీసుకుంటున్నాను" అని రాశావు. లాహ్తి స్నేహితుల ముందు కూహ్మో ముసలిదాని చెక్కపని చూపించడం సిగ్గనిపించిందా?

ఇక పిస్టల్ సంగతి నా దగ్గర ఎత్తకు. వాతావరణం గురించి రాయి.

హెల్లెవి మోయిలనెన్

లాహ్తి, 10 మే

అత్తా, నా బంగారు అత్తా,

నీ ఉత్తరం చదివి వంటశాల గిడ్డంగిలో బంగాళాదుంపల బస్తాల మధ్య కూర్చుని ఏడ్చాను. ఇంటిపేరుతో సంతకం చేశావు. నేనేమన్నా బ్యాంకునా?

సిగ్గు కాదత్తా. నియమం. నేను మొదటి ఉత్తరంలోనే సరిగ్గా రాసి ఉండాల్సింది. స్టాక్ తరగతి అంటే చవక తరగతి కాదు. కంపెనీ చేసింది చేసినట్టే ఉండాలి. పిడి పలకలు మార్చొచ్చు, కానీ ఆ మోడల్‌కి ఆ కంపెనీ వాళ్ళు చేసినవే వెయ్యాలి. బయటివి వేస్తే ఎంత చిన్నవైనా సరే, నన్ను ఓపెన్ తరగతిలోకి తోసేస్తారు. అక్కడ వాళ్ళ పిస్టళ్ళకి ఎర్ర చుక్క చూపించే అద్దాలు, తూటాలు నింపే పొడుగాటి మ్యాగజైన్లు, ఇంకా ఏవేవో ఉంటాయి. నా కబాబుతో వాళ్ళ మధ్య నిలబడితే జట్టు సంగతి మర్చిపోవడమే. నువ్వు మానేసిన తర్వాత వచ్చిన తరగతి ఇది, నీకెలా తెలుస్తుంది?

పొట్లం విప్పగానే నాకు నియమం గుర్తొచ్చింది. నీ వేళ్ళ సంగతి నాకు తెలుసు. అంత కష్టపడి చేశావు, "ఇవి వాడకూడదత్తా" అని ఎలా రాయను? మెల్లగా వేసవిలో వచ్చి ఎదురుగా కూర్చుని చెప్దామనుకున్నాను. ఈలోపు రిపత్తి నోరు తగలెయ్యా.

అబద్ధం మాత్రం రాయలేదు. రోజూ సాయంత్రం నిజంగానే చేతిలోకి తీసుకుంటున్నాను. టీవీ ముందు కూర్చుని, పలకల్ని రెండు వైపులా పట్టుకుని, నువ్వు తీసిన గుంటలో బొటనవేలు పెట్టుకుంటాను.

ఫోటో పెడుతున్నాను, ఆర్తో తీశాడు. పోటీ బెల్టు పెట్టుకుని నిలబడ్డాను. చూడు, పలకలు నల్లవే కానీ మనిషి నీ కోడలే.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. నేను వెనకబడి ఉన్నాను. రెండో తూటా నుంచి మెర్యా కంటే నేనే నయం, ఆర్తో గడియారం పెట్టి చూశాడు. కానీ మొదటి తూటా, ఆ దూరపు ట్రిగ్గర్, ఇంకా ఎడమకే పోతోంది. ఒక్కో ఆటలో అక్కడే ఓడిపోతున్నాను. జూన్ పదమూడున ఎంపిక. నాకు భయంగా ఉంది. తిట్టు, కానీ మాట్లాడటం మానకు.

నీ సువి

కూహ్మో, 17 మే

కోడలు పిల్లా,

తిట్టమన్నావుగా, వినుకో. మొద్దుదానివి. నెలన్నర పాటు బిర్చి చెక్క గుండెల మీద పెట్టుకుని తిరిగావు గానీ ఒక్క వాక్యం రాయలేకపోయావు. మన వంశమంతా ఇంతే. మీ నాన్న కాలు విరిగితే కూడా సాయంత్రం దాకా చెప్పలేదు. నేనూ తక్కువ తినలేదు, పాలు తీసుకునే చోటు నుంచి పారిపోయే బదులు ముందు నిన్ను అడగాల్సింది.

ఇక అసలు పని. బుధవారం లైబ్రరీకి పోయి అక్కడి అమ్మాయితో ఆ తరగతి నియమాలన్నీ అచ్చు తీయించాను. మొదటి పేజీ దాటేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. నా చేత్తో చేసింది నా కోడలు వాడకూడదట! రెండో రోజు మళ్ళీ చదివాను. మూడో రోజుకి నాకు నచ్చడం మొదలైంది. అందరి చేతిలో ఒకేలాంటి సరుకు, డబ్బున్నవాడు డబ్బుతో గెలవలేడు. మా రోజుల్లో ఇది ఉండి ఉంటే ఆ స్ప్రింగులు సానబెట్టే బదులు హాయిగా నిద్రపోయేదాన్ని.

ఇప్పుడు నీ ఫోటో. భూతద్దం పెట్టి చూశాను. నీ బెల్టుకి ముందు వైపున్న మ్యాగజైన్ సంచీ చూడు. తుంటి ఎముక కంటే ముందుకొచ్చి ఉంది. నియమంలో స్పష్టంగా రాసుంది, ఒర గానీ మ్యాగజైన్ సంచీ గానీ తుంటి ఎముక ముందు భాగాన్ని దాటి రాకూడదు. దాటితే బిర్చి పలకలు వెయ్యకపోయినా నువ్వు ఓపెన్ తరగతిలోనే! మీ ఆర్తో ముక్కు సంగతి చూసుకుంటూ ఇది చూడలేదా? క్లబ్బు పోటీల్లో ఎవరూ పట్టించుకోరు, ఎంపిక పోటీలో బల్ల వేసుకుని కూర్చుని మరీ చూస్తారు. నాలుగు వేళ్ళు వెనక్కి జరుపు. ఇవాళే జరుపు, కొత్త చోటు చేతికి అలవాటు కావాలి.

ట్రిగ్గర్ బరువు కూడా తూకం వేయించు. మొదటి తూటాకి రెండుంపావు కేజీల పైచిలుకు ఉండాలట. ఎవడైనా సాయం చేస్తానని స్ప్రింగు ముట్టుకోబోతే చేతి మీద కొట్టు.

ఎడమకి పోయే తూటా సంగతి. నువ్వు చెయ్యి పూర్తిగా చాచి, గురి చూసి, అప్పుడు లాగడం మొదలుపెడుతున్నావు, అవునా? అప్పటికి గడియారం నీ మెదడులో కొడుతూ ఉంటుంది, చివర్లో గబుక్కున లాగేస్తావు, పొట్టి వేలు పిస్టల్ని పక్కకి ఈడుస్తుంది. అలా కాదు. చూపు లక్ష్యం మీద పడి, పిస్టల్ దాని వైపు తిరిగాక, చెయ్యి ముందుకు చాచుతూనే మెల్లగా లాగడం మొదలుపెట్టు. చెయ్యి చాచడం అయ్యేసరికి లాగడమూ అవ్వాలి. బస్సు స్టాపులో ఆపేటప్పుడు చివర్లో బ్రేకు మీద నిలబడితే ముసలమ్మలంతా ముందుకి పడతారు. ముందు నుంచే తొక్కుతూ రావాలి. తూటాలు లేని పిస్టల్‌తో గోడ ముందు నిలబడి రోజూ చెయ్యి. లేవని రెండు సార్లు చూసుకో.

ఆ చోటు నీకు రావాలని నాకూ ఉంది. నీకంటే ఎక్కువే ఉందేమో.

నీ అత్త

లాహ్తి, 14 జూన్

అత్తా! అత్తా! అత్తా!

జట్టులో ఉన్నాను!

ముందు ఇది రాసేశాను, ఇక నెమ్మదిగా చెప్తాను. నిద్ర లేదు, అక్షరాలు చూసి తాగి రాశాననుకోకు. రాత్రి కొంచెం తాగాం, ఇప్పుడు కాదు.

పొద్దున్నే తనిఖీ బల్ల. నువ్వన్నట్టే ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు, ఒకాయన చేతిలో స్కేలు, ఒకాయన దగ్గర తూకం. నా ముందు కుర్రాడు తాంపెరె నుంచి వచ్చాడు, ఒంటి మీద చొక్కా నిండా కంపెనీల పేర్లు. స్కేలు ఆయన వాడి తుంటికి ఆనించి, "సంచీ ముందుకొచ్చింది నాయనా, ఓపెన్" అన్నాడు. వాడి ముఖం పాలిపోయింది. నా వంతు వచ్చింది. స్కేలు పెట్టాడు, చూశాడు, మళ్ళీ చూశాడు. "శుభ్రంగా ఉంది" అన్నాడు. ట్రిగ్గర్‌కి బరువు వేలాడదీశారు, నా కబాబు కదల్లేదు. నీ పేరు గట్టిగా అరవాలనిపించింది. ఆర్తో నా వెనకే నిలబడి తన సొంత సంచీ వెనక్కి జరుపుకున్నాడు, నేను చూశాను.

మధ్యాహ్నానికి మెర్యా ముందుంది. ఎక్కువ కాదు, కానీ ముందుంది. క్యాంటీనులో సాసేజీ కొనుక్కున్నాను. మెర్యా వచ్చి పక్కన కూర్చుని సగం తీసుకుని తినేసింది. "నువ్వు గెలిస్తే నేను ఏడుస్తాను, నేను గెలిస్తే నువ్వు ఏడువు, సరేనా?" అంది. సరే అన్నాను.

చివరి ఆట. ఒక తలుపు తోసుకుని వెళ్ళగానే ఎదురుగా, దూరంగా, చిన్న ఉక్కు పలక. మొదటి తూటా దానికే. అది పడితేనే పక్కనున్న లక్ష్యం తిరుగుతుంది. నా మొదటి తూటా, ఆ బరువు తూటా, సరిగ్గా దాని కోసమే ఆ ఆట కట్టినట్టుంది. మెర్యా నాకంటే ముందు ఆడింది. ఆమె మొదటి తూటా తప్పింది, రెండోది తప్పింది, మూడోదానికి పడింది. నిజం చెప్పాలంటే నాకు సంతోషం కాలేదు, ఇంకా భయమేసింది.

బజరు మోగింది. తలుపు తోశాను. పలక మీద చూపు పడింది, చెయ్యి చాచుతూనే లాగడం మొదలుపెట్టాను. పేలినట్టు కూడా తెలీలేదు, పలక పడిన చప్పుడు మాత్రం వినపడింది. ఖణేల్మని! ఒక్క తూటా! ఆ తర్వాత ఏం చేశానో అడక్కు, పరిగెత్తాను, కొట్టాను, మ్యాగజైన్ మార్చాను, చెయ్యి వెనక్కి వెళ్ళేసరికి సంచీ అక్కడే ఉంది. ఆఖరి లక్ష్యం అయ్యాక రేంజి అధికారి "ఖాళీ చేసి చూపించు" అన్నాడు. చూపించాను. ఒరలో పెట్టాను.

ఫలితాలు గోడకి అంటించారు, ఒక కాపీ ఇందులో పెట్టాను. ఆడవాళ్ళ స్టాక్ తరగతిలో మొదటి పేరు నాది. జట్టులోనే కాదత్తా, మొదటి పేరు! మెర్యా అన్నట్టే ఏడ్చింది, నన్ను వాటేసుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఒప్పందం చెడింది.

సాయంత్రం సౌనాలో ఆవిరి స్నానాలయ్యాక అందరూ నా పిస్టల్ గురించే. ఉల్లిపాయల వాడే వచ్చి, "ఒకసారి రేంజిలో పట్టుకోనిస్తావా, నాకూ ఒకటి కొనాలనుంది" అన్నాడు. "ఉల్లిపాయలు వేసా, వెయ్యకుండానా?" అన్నాను.

ఆగస్టు పోటీకి జట్టు చొక్కా కుడుతున్నారు. వీపు మీద మన ఇంటిపేరు వేస్తారట.

నీ సువి

కూహ్మో, 21 జూన్

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం తపాలా పెట్టె దగ్గరే నిలబడి చదివాను. జోరున వాన, గొడుగు లేదు, కదల్లేదు. పోస్టు పిల్ల బండి ఆపి "ఎవరైనా పోయారా హెల్లెవీ?" అంది. "లేదమ్మా, మా పిల్ల గెలిచింది" అని అరిచాను. నాకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా అరిచానో తెలీదు, పక్కింటి కుక్క మాత్రం మొరిగింది.

తర్వాత కో-ఆప్‌కి వెళ్ళాను. పాలు తీసుకునే చోటికే. రిపత్తి ఉన్నాడు, ఉంటాడని తెలిసే వెళ్ళాను. "మీ కోడలి నల్ల ప్లాస్టిక్ పలకలు ఎలా ఉన్నాయి?" అన్నాడు వెధవ. "మొదటి స్థానంలో ఉన్నాయి" అన్నాను. ఉత్తరం మొత్తం చదివి వినిపించాను, పలక పడిన చోటు రెండు సార్లు చదివాను. ఏ పిస్టల్ అని అడిగారు. టర్కీది, మా ఇద్దరి ఎంపిక అని చెప్పాను. ఈ వయసులో ఆ మాత్రం అబద్ధం చెల్లుతుంది.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. నేను పోటీలు ఆడిన ఎనిమిదేళ్ళలో ఆడవాళ్ళ జాబితా అన్నదే లేదు. నేనొక్కదాన్నే ఉండేదాన్ని కదా, ఒకరికి జాబితా ఎందుకన్నారు. మగాళ్ళ జాబితాలో ఎక్కడో మధ్యలో నా పేరు కొట్టుకుపోయేది. మధ్యలో ఉండటం తక్కువేమీ కాదు, చాలామంది మగాళ్ళు నా కిందే ఉండేవాళ్ళు, కానీ ఎవరూ చూసేవాళ్ళు కాదు. మానేసింది బస్సు షిఫ్టుల వల్ల అని మీ నాన్నకి చెప్పాను. షిఫ్టుల వల్ల కాదు. విసుగొచ్చింది. నువ్వు పంపిన ఆ కాగితం మీద ఆడవాళ్ళ జాబితా వేరేగా ఉంది, దాని పైన మన ఇంటిపేరు ఉంది. దాన్ని చూసి నాకు గర్వంగా ఉంది, సంతోషంగా ఉంది, కొంచెం కుళ్ళుగా కూడా ఉంది.

ఆ కుళ్ళుకి మందు వేద్దామని గురువారం బస్సెక్కి కాయాని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఒకరి పేరున ఉన్న పిస్టల్ మీద ఇంకొకరు కూడా లైసెన్సు తీసుకోవచ్చు, అది నీకూ తెలుసు. నీ పిస్టల్ మీద నాకో లైసెన్సు కావాలని దరఖాస్తు పెట్టాను. నీ సంతకం కూడా కావాలట, కాగితం ఇందులోనే ఉంది, వెంటనే చేసి పంపు. అక్కడి కుర్రాడు కంప్యూటర్లో చూసి, "మీకు ఆల్‌రెడీ ఒక పిస్టల్ ఉంది కదమ్మా" అన్నాడు. "ఉంది నాయనా, దాని స్ప్రింగు సానబెట్టాను, పిడి చెక్కాను, స్టాక్ తరగతిలో అది చెల్లదు, మా కోడలిది చెల్లుతుంది" అన్నాను. "ఎందుకు వాడతారు?" అన్నాడు. "పోటీ ఆడతాను" అన్నాను. డెబ్బై ఒకటో ఏట పోలీసుల ముందు కూర్చుని ఆ మాట చెప్పడానికి నాకేమీ సిగ్గనిపించలేదు.

సెప్టెంబరులో కాయానిలో పోటీ ఉంది, స్టాక్ తరగతి. పేరు ఇచ్చేశాను. నువ్వు పిస్టల్ తీసుకుని రా. ముందు నువ్వు ఆడు, అయ్యాక నాకివ్వు. సంచీ తుంటి వెనకే కట్టుకుంటానులే. నువ్వే గెలువు, నాకు దాని గురించి బెంగ లేదు. ఆ సాయంత్రం గోడ మీద అంటించే ఆడవాళ్ళ జాబితాలో ఇద్దరు మోయిలనెన్‌లు ఉండాలి, నాకు కావాల్సింది అంతే.

నీ అత్త,
హెల్లెవి